బోర్డు మారకముందే రాయించుకోండి

(వివిధ శాఖల ఉద్యోగ, కార్మిక సంఘాల కార్యకర్తల కోసం అమలాపురంలో జరిగిన శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, రాజోలు నుంచి, రావులపాలెం నుంచి, రామచంద్రపురం నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఈ హాల్లో ఆర్టీసీ డిపోలవాళ్లున్నారు. గ్రామ, వార్డు సచివాలయాల్లో పనిచేసే పిల్లలున్నారు. మున్సిపల్ పారిశుధ్య కార్మికులున్నారు, కాలువల మీద పనిచేసే లస్కర్లున్నారు, మా కరెంటువాళ్లున్నారు. మీ పనులు వేరు, జీతాలు వేరు. కానీ మీ అందరికీ జరిగిన సంగతి ఒకటుంది. మీరు చేరినప్పుడున్న శాఖ ఇవాళ ఆ రూపంలో లేదు. ఒకచోట బోర్డును కంపెనీలుగా విడగొట్టారు. ఒకచోట కార్పొరేషన్ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారు. ఒకచోట జిల్లానే ముక్కలు చేశారు. ఇంకోచోట అంతకుముందు లేని శాఖనే పుట్టించారు.

పునర్వ్యవస్థీకరణ మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నేను రాలేదు. మేలు జరిగినవాళ్లూ ఈ హాల్లోనే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ప్రతి మార్పుకూ అమల్లోకి వచ్చే తేదీ ఒకటుంటుంది. ఆ తేదీకి ముందు సంఘాలు కాగితం మీద రాయించుకున్నవే చాలావరకు నిలిచాయి. ఆ తేదీ దాటాక అడిగినవాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, పాతికేళ్ల రికార్డు చెప్తున్న మాట.

మా శాఖ నుంచే మొదలుపెడతాను. కోనసీమలో నలభై దాటిన ఎవరికైనా 1996 నవంబరు 6 తుపాను గుర్తుంటుంది. కొబ్బరి తోటలు పడుకున్నాయి. వాటికింద స్తంభాలు, తీగలు. ఆ లైన్లు మళ్లీ నిలబెట్టినవాళ్లు అప్పటి రాష్ట్ర విద్యుత్ బోర్డు సిబ్బంది, ఏపీఎస్ఈబీ మనుషులు. అప్పటికే ఆ బోర్డును విడగొట్టాలన్న మాట నడుస్తోంది. హితేన్ భయా కమిటీ 1995లోనే సిఫార్సు ఇచ్చింది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు పోయి, కరెంటు ఉత్పత్తికి, సరఫరాకు వేర్వేరు కంపెనీలుగా జెన్‌కో, ట్రాన్స్‌కో వచ్చాయి. మరుసటి ఏడాది పంపిణీని నాలుగు కంపెనీలు చేశారు. మన ఉభయ గోదావరి జిల్లాలు విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు పంపిణీ కంపెనీలో, అంటే డిస్కంలో పడ్డాయి.

అప్పటి సంఘాలు సంస్కరణలు వద్దని గట్టిగా పోరాడాయి. వద్దంటూనే ఇంకో పని కూడా చేశాయి. ఒకవేళ విడగొడితే మా ఉద్యోగుల సంగతేంటి అని కూర్చుని మాట్లాడాయి. ప్రభుత్వం, బోర్డు, సంఘాలు కలిసి సంతకం చేసిన త్రైపాక్షిక ఒప్పందం అలా వచ్చింది. సర్వీసు నిబంధనలు ఇప్పుడున్నవాటికంటే తగ్గకూడదు, పెన్షన్ పోకూడదు అన్నవి అందులోని గట్టి మాటలు. నాతోపాటు రిటైరైనవాళ్లు ఇవాళ నెలనెలా పెన్షన్ తీసుకుంటున్నారంటే ఆ కాగితం వల్లే. కంపెనీలు నష్టాల్లో ఉన్నాయని ఎన్నిసార్లు విన్నాం! అయినా పెన్షన్ ఆగలేదు.

ఇప్పుడు రెండో సగం వినండి. 1999 ఫిబ్రవరి 1 తర్వాత చేరినవాళ్లకు ఆ పెన్షన్ లేదు. వాళ్లను ఈపీఎఫ్ అనే భవిష్య నిధిలో వేశారు. రాష్ట్ర ప్రభుత్వంలో పాత పెన్షన్ ఆగింది 2004 సెప్టెంబరు 1న. అంటే 2001లో మండల రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరినాయనకు పాత పెన్షన్ ఉంది. అదే 2001లో హెల్పర్‌గా చేరి, వర్షంలో స్తంభమెక్కినాయనకు లేదు. 1999కీ 2004కీ మధ్య చేరినవాళ్లకు జీపీఎఫ్ అనే ప్రభుత్వ భవిష్య నిధి, పెన్షన్ ఇవ్వాలన్న డిమాండు మా సంఘాల పత్రాల్లో ఏళ్ల తరబడి ఉంది. ఆ కుర్రాళ్లే ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరపడుతున్నారు. ఒకే సెక్షన్ ఆఫీసులో, ఒకే నిచ్చెన పట్టుకుని పనిచేసే ఇద్దరి ముసలితనాన్ని ఒక తేదీ వేరుచేసింది.

ఎందుకిలా జరిగింది? ఒప్పందం బల్ల దగ్గర అప్పుడున్న ఉద్యోగుల తరఫున మనుషులున్నారు. రేపు చేరబోయేవాడి తరఫున ఎవరూ లేరు. అతను ఇంకా సభ్యత్వ రుసుం కట్టలేదు కదా. ఈ విషయం నన్ను చాలా బాధపెడుతుంది. మన సంఘాలు ఏ మార్పు మీద చర్చకు వెళ్లినా ముసాయిదాలో 'ప్రస్తుత ఉద్యోగులు' అన్న చోట ఆగి, కొత్తగా చేరేవాళ్ల సంగతి ఏమని రాశారో అడిగి తీరాలి. అడగకపోతే పదేళ్లకు మన సంఘంలోనే రెండు వర్గాలు తయారవుతాయి. తయారయ్యాయి కూడా.

టెలిఫోన్లవాళ్ల అనుభవం ఇంతకంటే స్పష్టంగా ఉంటుంది. కేంద్ర టెలికాం శాఖ ఉద్యోగుల్ని 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీలోకి మార్చారు. దానికి కొన్ని వారాల ముందు, సెప్టెంబరు మొదట్లో, మూడు సమాఖ్యలు కలిసి సమ్మె చేశాయి. కంపెనీలోకి వస్తాం, కానీ పెన్షన్ మాత్రం కేంద్ర ప్రభుత్వమే ఇవ్వాలి, అది నియమావళిలో ఉండాలి అన్నారు. నోటిమాటకు ఒప్పుకోలేదు. సెప్టెంబరు 30న, అంటే కంపెనీ పుట్టడానికి ఒక్కరోజు ముందు, కేంద్ర పెన్షన్ నియమాల్లో ఆ హామీతో 37-ఏ అనే కొత్త నియమం చేరింది. తర్వాత ఆ కంపెనీ ఎంత చితికిపోయిందో మీకు తెలుసు. స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో 2020 జనవరి 31న ఒకేసారి 78 వేలమందికి పైగా ఇంటికెళ్లారు. అప్పటి సిబ్బందిలో సగానికంటే ఎక్కువ. వాళ్లలో పాత శాఖ నుంచి వచ్చినవాళ్లకు ఆ 37-ఏ అన్నం పెడుతోంది. అక్కడా కంపెనీలో నేరుగా చేరినవాళ్లకు అది లేదు. మళ్లీ అదే గీత.

ఇక ఆర్టీసీ. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. ఎందుకంటే ఇది తిరగేసిన కథ. కంపెనీలోకి వెళ్లడం కాదు, ప్రభుత్వంలోకి రావడం. ఏళ్ల తరబడి కార్మికులే కోరుకున్నది. 2019 డిసెంబరులో శాసనసభ చట్టం చేసింది. 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైగా ఉద్యోగులు ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు. అమలాపురం డిపో, రాజోలు డిపో, నరసాపురం డిపో, అన్నిచోట్లా పండగ చేసుకున్నారు. చేసుకోవాల్సిందే. పక్క రాష్ట్రం తెలంగాణలో అదే కోరికతో 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేసి, ప్రాణాలు పోగొట్టుకుని, విలీనం లేకుండానే పనిలోకి వెళ్లిన కార్మికుల్ని చూశాక ఇక్కడివాళ్ల ఆనందం ఎంతటిదో అర్థమవుతుంది. సంస్థ నష్టాలతో జీతం ముడిపడి లేకపోవడం మాటలు కాదు. ఆయిల్ రేటు పెరిగిందంటే జీతం గురించి టెన్షన్ పడే రోజులు పోయాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

కానీ సంఘాల కార్యకర్తలుగా మనం ఇంకో వైపు కూడా చూడాలి. ఆర్టీసీ కార్పొరేషన్‌గా ఉన్నప్పుడు అక్కడ పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించేది. ఆ చట్టంలో 9-ఏ అని ఒక సెక్షన్ ఉండేది. జీతభత్యాలు, పనిగంటలు, సెలవులు, రేషనలైజేషన్ లాంటి విషయాల్లో కార్మికుడికి నష్టం కలిగే మార్పు చేయాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. కార్మికశాఖ సమక్షంలో రహస్య బ్యాలెట్ జరిగేది. డ్రైవరు, కండక్టరు, శ్రామిక్, అందరూ ఓటేసి గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునేవాళ్లు. ఆ సంఘంతో యాజమాన్యం మాట్లాడక తప్పేది కాదు. సమ్మె నోటీసు ఇస్తే కార్మికశాఖ దగ్గర రాజీ చర్చలు మొదలయ్యేవి. డిపో గేటు దగ్గర ఎర్రజెండా ఎగిరినా, తెల్లజెండా ఎగిరినా దాని వెనక చట్టం ఉండేది.

ప్రభుత్వ ఉద్యోగి అయ్యాక ఆ లెక్క మారిపోయింది. ప్రభుత్వ సర్వీసు నియమాలు వర్తించేవాళ్లకు 9-ఏ నోటీసు అక్కర్లేదని ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉండేది. 1964 నాటి ప్రవర్తనా నియమాలు సమ్మెకు ఒప్పుకోవు. తమిళనాడు ఉద్యోగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని చెప్పేసింది. రహస్య బ్యాలెట్ స్థానంలో 2001 నాటి సర్వీసు సంఘాల గుర్తింపు నియమాలు వచ్చాయి. అంటే మనల్ని గుర్తించేది కార్మికుడి ఓటు కాదు, ప్రభుత్వ ఉత్తర్వు. ఇచ్చిన చేతికి తీసుకునే వీలూ ఉంటుంది. 2023 జనవరిలో జీతాల ఆలస్యం మీద గవర్నరును కలిసినందుకు, మీ గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండని ఒక ఉద్యోగ సంఘానికి నోటీసు వెళ్లింది. పత్రికల్లో అంతా చదివాం.

పెన్షన్ సంగతి చూడండి. ప్రభుత్వంలోకి వచ్చారు కానీ పాత పెన్షన్ రాలేదు. ఈపీఎఫ్ సంస్థ ఇచ్చే ఈపీఎస్-95 పెన్షన్ కిందే ఉన్నారు. కార్మికులు తమ జీతాల్లోంచి కట్టుకుని నడుపుకున్న ఎస్ఆర్‌బీఎస్ అనే రిటైర్మెంటు పథకం, ఎస్‌బీటీ అనే పొదుపు పథకం విలీనం తర్వాత మూతపడ్డాయి. వైద్యం ఆర్టీసీ ఆస్పత్రి, రిఫరల్ పద్ధతి నుంచి హెల్త్ కార్డు పద్ధతికి మారింది. పాత పద్ధతే ఇవ్వమని ఇప్పుడు సంఘాలు అడుగుతున్నాయి. ఉద్యోగ భద్రత కోసం యాజమాన్యంతో మాట్లాడి తెచ్చుకున్న 1/2019 సర్క్యులర్‌ను అమలు చేయాలని కూడా అడుగుతున్నాయి. ఈ జాబితాలో ప్రతిదీ 2019 డిసెంబరులో, చట్టం ముసాయిదాగా ఉన్నప్పుడు ఒక్కో వాక్యంగా చేర్చదగ్గదే. విలీనం అనే పెద్ద మాట వినపడేసరికి చిన్న వాక్యాల మీద పట్టుబట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. దాన్ని నేను తప్పుపట్టను. తరాల కోరిక నెరవేరుతుంటే నిబంధనలు చదవమనడం కష్టమే. అయినా చదవాలి. ఆ పని చేయడానికే సంఘం ఉంది.

మున్సిపల్ కార్మికులది ఇంకో అన్యాయం. ఏజెన్సీల చేతిలో జీతాల కోత, కమీషన్లు భరించలేక ఉంటే ఆప్కాస్ అనే ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ వచ్చింది, 2020 జులై నుంచి పని మొదలుపెట్టింది. జీతం నేరుగా ఖాతాలో పడటం నిజంగా ఊరట. కానీ ప్రభుత్వ సంస్థ ద్వారా జీతం వస్తోందని రికార్డుల్లో చేరేసరికి చీపురు పట్టే ఇంట్లో సంక్షేమ పథకాలు ఆగిపోయాయి. పథకానికి వెళ్తే నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి అంటారు, పర్మినెంటు చేయమంటే కాదంటారు. 2023 డిసెంబరులో మొదలైన సమ్మెలో ఈ డిమాండు కూడా ఉంది. మనిషి హోదా ఏమిటో ఒక్క వాక్యంలో తేల్చకుండా సంస్థ పెడితే ఇలాగే ఉంటుంది.

లస్కర్ల గురించి నేను ఎక్కువ చెప్పను, మధ్యాహ్నం వాళ్లే మాట్లాడతారు. ఒక్క మాట. ధవళేశ్వరం నుంచి చివరి ఆయకట్టు దాకా తూములు, షట్టర్లు చూసుకునే ఈ మనుషుల విషయంలో ఏ రోజూ పెద్ద ప్రకటన రాలేదు, జీవో పట్టుకుని ధర్నా చేసే అవకాశమే దొరకలేదు. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది, శాఖ పేరూ మారింది, రిటైరైనవాళ్ల స్థానాలు ఖాళీగా మిగిలాయి. శబ్దం లేకుండా జరిగే పునర్వ్యవస్థీకరణ ఇది. దీనికి తేదీ ఉండదు కాబట్టి మనమే తేదీ పెట్టుకోవాలి. ప్రతి ఏడాదీ సెక్షన్‌వారీగా మంజూరైన పోస్టులెన్ని, ఉన్నవాళ్లెందరు అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ కాగితం దాచుకోండి.

జిల్లాల విభజన మన కళ్లముందు జరిగింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మన తూర్పు గోదావరిలోంచి కాకినాడ జిల్లా, కోనసీమ జిల్లా ఏర్పడ్డాయి, రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న భాగానికి పాత పేరు మిగిలింది, మన్యం మండలాలు అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి. అటు ఏలూరు, భీమవరం. రాజోలు మనిషి పని మీద కాకినాడ దాకా వెళ్లాల్సిన అవస్థ తప్పింది, జనానికి అది మేలు. ఉద్యోగులకు మాత్రం అప్పుడిచ్చింది 'ఆర్డర్ టు సర్వ్'. అంటే పని కొత్త జిల్లాలో, కేడరు, అంటే సీనియారిటీ లెక్క, మాత్రం పాత జిల్లాలో. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో లోకల్ కేడర్లు అప్పటికి పాత జిల్లాల ప్రకారమే ఉన్నాయి. వాటిని మార్చాలంటే ఢిల్లీలో జరగాలి. జిల్లాను ఒక్క నోటిఫికేషన్‌తో విడగొట్టగలిగారు, సీనియారిటీ జాబితాను విడగొట్టలేకపోయారు.

ఇలాంటప్పుడు సంఘానికి కూడా దెబ్బ తగులుతుంది. పాత జిల్లా కమిటీ, ఆఫీసు, ఫండు అన్నీ ఒకచోట ఉంటాయి. కొత్త కలెక్టరు దగ్గరికి వెళ్లాలంటే కొత్త జిల్లా కమిటీ కావాలి. ప్రమోషన్ గురించి అడగాలంటే పాత జిల్లా మొత్తానికి ఒకే గొంతు కావాలి. చాలా సంఘాలు కమిటీల్ని విడగొట్టుకున్నాయి, కానీ సీనియారిటీ కోసం ఉమ్మడి కమిటీ పెట్టుకోలేదు. ఇప్పుడైనా పెట్టుకోండి. మీ ప్రమోషన్ ఫైలు ఏ కలెక్టరేటులో తిరుగుతోందో తెలుసుకునేవాళ్లు ఒకళ్లుండాలి.

విద్యుత్ కంపెనీల్లోవాళ్లు ఇంకోటి గమనించాలి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత వివాదాల చట్టం పోయింది. ఒక సంస్థలో ఒకటి కంటే ఎక్కువ సంఘాలుంటే, 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత మద్దతు లేకపోతే 20 శాతం లెక్కన ప్రతినిధులతో కౌన్సిల్. మీరు రెండుగా, నాలుగుగా ఉండటం ఇదివరకు బలహీనత మాత్రమే. ఇప్పుడు చర్చల బల్ల దగ్గర కుర్చీయే పోతుంది. సంస్థను రేపు ఇంకోసారి విడగొడితే ఆ 51 శాతాన్ని ఏ సంస్థలో లెక్కపెడతారో కూడా ముందే ఆలోచించాలి.

(సభలోంచి ఒక సచివాలయ ఉద్యోగిని: సార్, మా సంగతి చెప్పండి. మాకు ముందు రాయించుకోడానికి సంఘమే లేదు కదా, మేం చేరిందే కొత్త శాఖలో.)

మంచి ప్రశ్న అడిగావమ్మా. మీది మిగతా అందరికంటే కష్టమైన పరిస్థితి. 2019 అక్టోబరు 2న ఇక్కడికి దగ్గర్లోనే, కరపలో మీ వ్యవస్థ మొదలైంది. లక్షకు పైగా పిల్లలు ఒకేసారి చేరారు. నెలకు 15 వేలు, రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు. రెండేళ్లు 2021 అక్టోబరుకు అయిపోయాయి. పూర్తి స్కేలు జీతం చేతికి రావడానికి 2022 వేసవి దాటాల్సి వచ్చింది. మధ్యలో, 2022 జనవరిలో, మీరు రోడ్డు మీదికి రాకపోతే ఇంకెంత ఆలస్యమయ్యేదో. అప్పటికి మీకు అనుభవమున్న నాయకులు లేరు, పాతికేళ్ల సంఘం లేదు. అయినా నిలబడ్డారు. నాకు మీమీద చాలా గౌరవం.

మీ అసలు సమస్య ఇద్దరు యజమానులు. మాతృశాఖ ఒకటి, సచివాలయాల శాఖ ఒకటి. మా ఎనర్జీ అసిస్టెంట్ పిల్లాడు ఎక్కేది డిస్కం స్తంభం, ఉండేది సచివాలయం లెక్కలో. ప్రమోషన్ అడిగితే ఇటువాళ్లు అటు చూపిస్తారు. 2025 జనవరిలో జనాభాను బట్టి సచివాలయాల్ని మూడు రకాలు చేశారు. 2,500 వరకు ఉంటే ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, ఆపైన ఎనిమిదిమంది. మిగిలినవాళ్లను వేరే చోట్ల సర్దుతామన్నారు. నీ కంటే ముందు చేరినవాళ్లెవరు, నీ ర్యాంకు ఎంత, నీ ప్రమోషన్ ఏ పోస్టుకి అని తేలకముందే సర్దుబాటు వచ్చింది. మీకు వచ్చే అపాయింటెడ్ డేట్, అంటే మార్పు అమల్లోకి వచ్చే తేదీ, వెనక లేదు, ముందుంది. ఆ విషయంలో మీరు మా కంటే నయం. ఇంకా టైముంది.

కాబట్టి మీరు ఊరెళ్లాక చేయాల్సినవి చెప్తాను. మీ కేడరుకు ముసాయిదా సర్వీసు రూల్స్ వస్తే, ఎవరో ఫోన్లో పంపిన సారాంశం కాదు, పూర్తి పాఠం సంపాదించండి. తాత్కాలిక సీనియారిటీ జాబితా పెట్టినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోపల ప్రతి ఒక్కరూ విడిగా, సంతకంతో, ఆఫీసు ముద్ర వేయించుకుని అభ్యంతరం ఇవ్వాలి. సంఘం తరఫున ఇచ్చిన ఒక్క వినతిపత్రం దానికి సాటి రాదు. మీ పేరు, పుట్టిన తేదీ, పరీక్షలో వచ్చిన మెరిట్ నంబరు, చేరిన తేదీ సర్వీసు రిజిస్టరులో ఎలా ఉన్నాయో ఈ నెలలోనే చూసుకోండి. మరో చోటికి సర్దుబాటు చేస్తే, రిలీవింగ్ ఆర్డరులో సీనియారిటీ కాపాడబడుతుందన్న వాక్యం ఉందో లేదో చూశాకే చార్జి అప్పగించండి. లేకపోతే అదే రోజు రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగింది ఫైలులో ఉండదు. మాతృశాఖలో ఉన్న పాత సంఘాల్లో మీకు సభ్యత్వం ఇమ్మని కూడా అడగండి, మేం కూడా ఇవ్వాలి. వేదిక మీదున్న పెద్దలు దీనిమీద ఇవాళే ఒక మాట చెప్పాలని నేను కోరుతున్నాను.

వెనక వరసలో ఇంకెవరో చెయ్యెత్తారు. నరసాపురం డిపో అనుకుంటా. చెప్పండి తమ్ముడూ.